చీలమండ పట్టీకి సెన్సర్లు అమర్చి నమూనా తయారు చేయడం, పరీక్షించడం ఎలా?

ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు, ఫిజియోథెరపీ చదువుతున్నవాళ్లు, కబడ్డీ, వాలీబాల్ శిక్షకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: కాలు మడత పడుతుంటే పసిగట్టి హెచ్చరించే చీలమండ పట్టీని సొంతంగా తయారు చేసుకోవడం ఎలా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. సోల్డరింగ్ చేయడం, ఆర్డ్యూయినోలో రాసిన ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోండి. ఈ పరికరం మోగినంత మాత్రాన బెణుకు ఆగదు. ప్రయోగశాలలో పరీక్ష జరుగుతుండగా అనుకోకుండా కాలు మడతపడిన ఒక ఆటగాడి కదలికల లెక్కలు 2009లో ప్రచురితమయ్యాయి. పాదం నేలను తాకిన 0.2 సెకన్లకల్లా చీలమండ 48 డిగ్రీలు లోపలికి తిరిగింది. గరిష్ఠ వేగం సెకనుకు 632 డిగ్రీలు. హెచ్చరికగా అదిరే వైబ్రేషన్ మోటారు తిరగడం మొదలై, ఆ కదలిక చర్మానికి తెలిసి, కండరం బిగుసుకునేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. కాబట్టి అడ్డుకునే పని పట్టీది, కొలిచే పని సెన్సర్లది. నిలబడే తీరును, నడిచే తీరును సరిదిద్దుకునే సాధనలో గుర్తుచేయడం వరకే మోటారు పని. ప్రాజెక్టు నివేదికలో "బెణుకును నివారిస్తుంది" అని రాయకండి. పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నకే ఆ మాట నిలవదు.

కావలసినవి

- ఆటసామాన్ల దుకాణంలో దొరికే చీలమండ పట్టీ: రెండు పక్కలా గట్టి బద్దలు, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టే పటకాలు ఉన్నది. సాగే గొట్టంలా కాలికి తొడుక్కునే రకం వద్దు. అది వెచ్చదనం ఇస్తుంది తప్ప మడతను ఆపదు, సెన్సరును కదలకుండా పట్టుకోదు.
- త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటరు, తిరిగే వేగాన్ని కొలిచే జైరో రెండూ ఉన్న ఎంపీయూ-6050 సెన్సర్ బోర్డులు రెండు. వీలైతే మరొకటి అదనంగా కొనండి.
- ప్రోగ్రామును నడిపే ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి. బ్లూటూత్ సీరియల్ వాడాలనుకుంటే మొదటి తరం ఈఎస్‌పీ32నే అడిగి తీసుకోండి. సీ3, ఎస్3 రకాల్లో తక్కువ విద్యుత్ బ్లూటూత్ మాత్రమే ఉంటుంది, పాత సీరియల్ పద్ధతి వాటిలో పనిచేయదు.
- నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు, 2ఎన్2222 ట్రాన్సిస్టరు, 1ఎన్4148 డయోడు, 1 కిలోఓమ్ రెసిస్టరు, ఒక ఎల్ఈడీ, దానికి 330 ఓమ్‌ల రెసిస్టరు.
- రక్షణ సర్క్యూట్ ఉన్న 3.7 వోల్టుల 500 మిల్లీఆంపియర్-అవర్ లిథియం పాలిమర్ బ్యాటరీ, టీపీ4056 చార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే ఎంటీ3608 బోర్డు, చిన్న స్విచ్.
- సన్నని పోగుల సిలికాన్ వైరు, వేడికి కుంచించుకునే ట్యూబు (హీట్ ష్రింక్), వెల్క్రో, మందపాటి నైలాన్ దారం.
- పరీక్షకు: 30 సెంటీమీటర్ల చదునైన చెక్క పలక, మేస్త్రీలు వాడే లెవెల్, కీళ్ల కోణాన్ని కొలిచే గోనియోమీటరు, మల్టీమీటరు, స్లోమోషన్ వీడియో తీసే ఫోను.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఎలక్ట్రానిక్ సామాను కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

1. ముందు పట్టీ, తర్వాతే సెన్సర్లు

పట్టీని ఏ తీగా లేకుండా అరగంట సేపు తొడుక్కుని నడవండి. తీశాక చర్మాన్ని పరిశీలించండి. రెండు వైపులా చీలమండ ఎముక మీద, మడమ వెనుక స్నాయువు మీద, పాదం బయటి అంచులో చిటికెన వేలికి, మడమకు మధ్య ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద ఎర్రటి గుర్తులు పడ్డాయేమో చూడండి. ఆ ఎరుపు 20 నిమిషాల్లో పోకపోతే అక్కడ ఒత్తిడి ఎక్కువైనట్టు. పరిష్కారం ఎముక మీద స్పాంజి పెట్టడం కాదు. అలా పెడితే ఆ చోట ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎముక చుట్టూ స్పాంజి అంటించి, ఎముక ఉన్న చోటును ఖాళీగా వదలండి.

రక్తప్రసరణ కూడా చూడాలి. పట్టీ బిగించాక బొటనవేలి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరుకు రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా వెంటనే వదులు చేయండి.

బద్దలు సొంతంగా చేసుకోవాలంటే త్రీడీ ప్రింటింగులో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వాడకండి. అది 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండన నిలిపిన కారులో వదిలేస్తే సాయంత్రానికి బద్ద వంకర తిరిగి ఉంటుంది. పీఈటీజీ నయం. ప్రింటరు అందుబాటులో లేకపోతే హెచ్‌డీపీఈ పైపును కోసి, వేడిచేసి, కాలి ఆకారానికి వంచవచ్చు. జైపూర్ కృత్రిమ కాళ్ల తయారీలో వాడేదీ ఈ రకం పైపే. పీవీసీ పైపును మాత్రం మంట మీద పెట్టకండి, దాని పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

2. సెన్సర్ల చోటు ఖరారు చేయండి

ఒక్క సెన్సరుతో సరిపెట్టుకుందామా అని చాలామంది అడుగుతారు. కుదరదు. పాదం మీది సెన్సరు ఒక్కటే ఉంటే అది చెప్పేది నేల వాలును. రోడ్డు పక్క వాలులో నిలబడినా, కాలు మొత్తం పక్కకు వంచినా చీలమండ మడతపడిందనే అంటుంది. మనకు కావలసింది పిక్క భాగానికి, పాదానికి మధ్య కోణం. అందుకే రెండు.

మొదటిది బయటివైపు బద్ద పైభాగంలో, చదునుగా. రెండోది పాదం పైభాగంలో, వేళ్ల మొదళ్లకు బాగా వెనుక, పట్టీ పటకా మీదే. బూటుకు అంటించకండి. మన ఇళ్లలో, వ్యాయామశాలల్లో, కబడ్డీ మ్యాట్ల మీద చెప్పులు, బూట్లు ఎప్పుడూ కాలికి ఉండవు. బూటులో పాదం కొద్దిగా జరిగినా లెక్క తప్పుతుంది.

సెన్సర్లను జిగురుతో గుడ్డకు అంటించవద్దు. సన్నని ప్లాస్టిక్ ముక్కకు బిగించి, ఆ ముక్కను పటకాకు కుట్టించండి. ఈ కుట్టు ఇంట్లో సూదికి లొంగదు. చెప్పులు కుట్టేవారి దగ్గరికో, బ్యాగులు బాగుచేసే దుకాణానికో తీసుకెళ్లండి. ఆరతో గుచ్చి నైలాన్ దారంతో వాళ్లు వేసే కుట్టు ఎన్ని పరీక్షలకైనా నిలుస్తుంది.

3. తీగలు కలపండి

రెండు సెన్సర్లూ ఒకే జత తీగల మీద పనిచేస్తాయి. ఈఎస్‌పీ32లో డేటాకు 21వ పిన్ను, క్లాకుకు 22వ పిన్ను. రెండు సెన్సర్లకూ 3.3 వోల్టులే ఇవ్వండి. పాదం సెన్సరులో ఏడీ0 అనే పిన్నును 3.3 వోల్టులకు కలపండి. అప్పుడు దాని చిరునామా హెక్సా లెక్కలో 69 అవుతుంది, పిక్క సెన్సరుది 68గానే ఉంటుంది. ఇది మరిచిపోతే రెండు సెన్సర్లూ ఒకే చిరునామాకు జవాబిస్తాయి, అంకెలు పొంతన లేకుండా వస్తాయి. ముందు చిరునామాలను వెతికే చిన్న ప్రోగ్రాము నడిపి, రెండూ కనిపించాకే ముందుకు వెళ్లండి.

మోటారును నేరుగా పిన్నుకు కలపకండి. ఈ రకం మోటారు 80 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, పిన్ను అంత మోయలేదు. పిన్ను నుంచి 1 కిలోఓమ్ ద్వారా ట్రాన్సిస్టరు బేస్‌కు, ఎమిటర్ గ్రౌండుకు, మోటారు 3.3 వోల్టులకూ కలెక్టరుకూ మధ్య. డయోడు మోటారుకు అడ్డంగా, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండాలి. అదే పిన్ను నుంచి రెసిస్టరు ద్వారా ఎల్ఈడీ కూడా పెట్టండి, 8వ దశలో పనికొస్తుంది.

మోటారును సెన్సరు పక్కన పెట్టడం అందరూ చేసే తప్పు. దాని అదురు యాక్సిలరోమీటరులోకి వెళ్లి కోణం ఊగుతుంది, ఊగిన కోణం మళ్లీ మోటారును మోగిస్తుంది. పట్టీకి పైన, పిక్క బయటివైపున, చర్మానికి తగిలేలా వేరే పటకాలో పెట్టండి.

ఇక తెగిపోయే తీగ. ఈ నమూనాల్లో మొదట పాడయ్యేది పిక్క నుంచి పాదానికి వెళ్లే తీగే. పాదం పైకీ కిందికీ ఆడినప్పుడు చీలమండ ముందువైపు చర్మం ముడుచుకుంటుంది, మడమ వెనుక సాగుతుంది. రెండు చోట్లా తీగ లాగుడు పడుతుంది. బయటి చీలమండ ఎముకకు కాస్త వెనుకగా, పాము మెలికలా వదులుగా తీసుకెళ్లండి. అక్కడ పొడవు అంతగా మారదు. తీగ తెగేది సోల్డరు చుక్క దగ్గర కాదు, సోల్డరు పీల్చుకుని బిరుసెక్కిన భాగం ఆగిపోయి, మెత్తటి పోగులు మొదలయ్యే చోట. ఆ రెండు మిల్లీమీటర్లను కుంచించుకునే ట్యూబుతో కప్పి, దాని వెనుక తీగను గుడ్డకు రెండు కుట్లు వేసి పట్టించండి.

4. బ్యాటరీ విషయంలో రాజీ పడకండి

టీపీ4056 బోర్డు కొన్నప్పుడు 1 ఆంపియరు చార్జింగుకు అమర్చి ఉంటుంది. 500 మిల్లీఆంపియర్-అవర్ బ్యాటరీకి అది ఎక్కువ. బోర్డు మీది 1.2 కిలోఓమ్ రెసిస్టరు తీసి 5 కిలోఓమ్‌లది వేస్తే 250 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. ఎంటీ3608 బోర్డును ఈఎస్‌పీ32కు కలపకముందే మల్టీమీటరు పెట్టి 5 వోల్టులకు తిప్పుకోండి. కొత్త బోర్డు ఎంత వోల్టేజీ మీద ఉంటుందో చెప్పలేం, కలిపాక తిప్పితే బోర్డు కాలిపోవచ్చు. బ్యాటరీని నేరుగా 5 వోల్టుల పిన్నుకు కలిపితే కొంతసేపు పనిచేసినట్టే ఉండి, బ్లూటూత్ మొదలవగానే బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. చాలామంది ప్రోగ్రాములో వెతికే తప్పు నిజానికి ఇక్కడే ఉంటుంది.

బ్యాటరీని గట్టి చిన్న పెట్టెలో పెట్టి పిక్క బయటివైపు కట్టండి. చీలమండ దగ్గర వద్దు, పడినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. తొడుక్కుని ఉండగా చార్జింగు పెట్టకూడదు. కరెంటుకు తగిలించిన ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగతో కలపకూడదు. ఉబ్బిన బ్యాటరీని పక్కన పెట్టేయండి, మళ్లీ వాడకండి. బ్లూటూత్ నడుస్తుంటే రెండున్నర గంటలకు మించి ఆశించవద్దు.

చెమట సంగతి. నియోప్రిన్ అనే రబ్బరు గుడ్డతో చేసిన పట్టీలో గాలి ఆడదు, మన ఎండలకు పది నిమిషాల్లో తడిసిపోతుంది. సెన్సరు బోర్డుల మీద పారదర్శకమైన గోళ్ల రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. నమూనాకు అది చాలు.

5. ప్రోగ్రాము అమరికలు

సెన్సరు మొదట సెకనుకు 250 డిగ్రీల వేగ పరిధిలో, 2జీ (గురుత్వ త్వరణానికి రెట్టింపు) త్వరణ పరిధిలో ఉంటుంది. పైన చెప్పిన 632 డిగ్రీల వేగం ఆ పరిధిలో పట్టదు. మడమ నేలను తాకిన దెబ్బకు 2జీ కూడా చాలదు. 2000 డిగ్రీలకు, 16జీకి మార్చండి. అప్పుడు జైరో అంకెను 16.4తో, త్వరణం అంకెను 2048తో భాగించాలి. పరిధి మార్చి భాజకాన్ని పాతదే ఉంచితే కోణాలు నవ్వుతూ అబద్ధం చెబుతాయి. నమ్మేలా ఉంటాయి కాబట్టి పట్టుబడవు.

సెన్సర్ల నుంచి సెకనుకు 100 సార్లు రీడింగు తీసుకోండి. ఒక్కో సెన్సరుకు సూత్రం ఇది:

కొత్త కోణం = 0.98 × (పాత కోణం + జైరో వేగం × 0.01) + 0.02 × యాక్సిలరోమీటరు కోణం

ఇందులో 0.01 అన్నది రెండు రీడింగుల మధ్య కాలం, సెకన్లలో. దాన్ని ఊహించి రాయకుండా ప్రతిసారీ గడియారం నుంచి లెక్కగట్టడం మేలు. రెండు సెన్సర్లలోనూ పాదం పొడవు దిశ చుట్టూ తిరిగే అక్షాన్నే వాడండి. రెండు కోణాల తేడాయే మీకు కావలసిన మడత కోణం. నడకలో మడమ బాగా పైకి లేచి వేళ్ల మీద బరువు ఉన్న క్షణంలో ఈ లెక్క నమ్మదగ్గది కాదు. పాదం నేల మీద పూర్తిగా ఆనినప్పటి అంకెలనే లెక్కలోకి తీసుకోండి.

6. సున్నా పెట్టడం

ఫలితాలు తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. పట్టీ తొడుక్కున్నాక ఐదు నిమిషాలు ఆగండి. ఒంటి వేడికి సెన్సరు వెచ్చబడి జైరో సున్నా కొంచెం జరుగుతుంది. తర్వాత సమతలంగా ఉన్న నేల మీద రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి కదలకుండా నిలబడండి. ఐదు సెకన్ల సగటు తీసి జైరో సున్నాను, కోణం సున్నాను భద్రపరచండి.

నేల సమతలమో కాదో కంటికి తెలియదు. వసారా, బాత్రూమ్, మేడ పైభాగం నీళ్లు పోవడానికి వాలుగా కడతారు. లెవెల్ పెట్టి చూసి, ఒక చోట సుద్దతో గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అక్కడే సున్నా పెట్టండి. పట్టీ విప్పి మళ్లీ కట్టిన ప్రతిసారీ సున్నా కొత్తగా పెట్టాలి.

7. కాలికి తొడిగే ముందు చెక్క మీద పరీక్ష

మొదట రెండు సెన్సర్లనూ ఒకే చెక్క పలకకు బిగించండి. కాలి మీద ఉన్నట్టే దిశలు ఉండాలి. పలకను మెల్లగా అటూ ఇటూ 30 డిగ్రీలు వంచండి. తేడా కోణం 2 డిగ్రీలు దాటకూడదు. రెట్టింపు అవుతుంటే ఒక సెన్సరు గుర్తు తారుమారైంది, ప్రోగ్రాములో ప్లస్‌ను మైనస్ చేయండి.

తర్వాత పిక్క సెన్సరును బల్లకు బిగించి, పాదం సెన్సరును 30 సెంటీమీటర్ల పలక మీద ఉంచండి. పలక ఒక కొసను 5.2 సెంటీమీటర్లు ఎత్తితే 10 డిగ్రీలు, 10.3 ఎత్తితే 20, సరిగ్గా 15 ఎత్తితే 30. ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి అంకెలు రాసుకోండి. ఎక్కడా 2 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే ఎత్తులో వేర్వేరు అంకెలు వస్తే సెన్సరు వదులుగా ఉందని అర్థం, ప్రోగ్రాము జోలికి వెళ్లకండి.

చివరగా పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. కోణం ఒక డిగ్రీకి మించి జరిగితే జైరో సున్నా మళ్లీ పెట్టాలి.

8. ఆలస్యం కొలవండి

మోటారు మీద చిన్న కాగితపు ముక్క అంటించి, ఎల్ఈడీ, కాగితం రెండూ కనిపించేలా సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీయండి. ఎల్ఈడీ వెలిగినప్పటి నుంచి కాగితం వణకడం మొదలయ్యే దాకా ఫ్రేములు లెక్కపెట్టి 4.2తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. వచ్చిన అంకెను నివేదికలో ఉన్నదున్నట్టు రాయండి. ఈ పరికరం ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పేది ఆ అంకే.

9. మనిషి మీద పరీక్ష

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద మాత్రమే, వాళ్ల సమ్మతితోనే చేయండి. ఈ మధ్య కాలు బెణికినవాళ్లు, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వద్దు. పట్టీ ఒరుసుకుని పుండు పడినా వాళ్లకు తెలియదు. ఇతరులను పరీక్షించి ఫలితాలు ప్రచురించాలనుకుంటే కాలేజీ నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దీనికి ఆధారం.

కావాలని కాలు మడత పెట్టే పరీక్ష ఎవరి మీదా చేయవద్దు. హఠాత్తుగా వాలిపోయే పలకలు సొంతంగా తయారు చేయవద్దు. కూర్చుని, బరువు లేకుండా పాదాన్ని లోపలికి మెల్లగా తిప్పించి, గోనియోమీటరు కొలతతో పోల్చండి. 5 డిగ్రీల లోపు తేడా ఉంటే బాగున్నట్టే, గోనియోమీటరు చేతిలోనే కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. పట్టీ లేకుండా ఒకసారి, బిగించి ఒకసారి కొలిస్తే పట్టీ ఎంత అడ్డుకుంటోందో కూడా తెలుస్తుంది. సాధారణంగా పాదం లోపలికి 30 నుంచి 35 డిగ్రీల దాకా తిరుగుతుంది.

హెచ్చరిక హద్దును అందరికీ ఒకటే పెట్టకండి. సమతల నేల మీద ఆ మనిషి నడకలో వచ్చే గరిష్ఠ కోణానికి 5 డిగ్రీలు కలిపి మోగించండి, అంతకు 5 డిగ్రీలు తగ్గాకే ఆపండి. మోగడానికీ ఆపడానికీ ఒకే అంకె పెడితే హద్దు దగ్గర మోటారు టకటకా కొట్టుకుంటుంది.

ఇప్పుడు తప్పుడు హెచ్చరికలు లెక్కపెట్టండి. వంద అడుగుల నడక, మెట్లు ఎక్కడం, దిగడం, గొంతుకు కూర్చుని లేవడం. తర్వాత నేల మీద మఠం వేసుకుని కూర్చోండి. దాదాపు ఖాయంగా మోగుతుంది, ఎందుకంటే ఆ భంగిమలో పాదం నిజంగానే లోపలికి తిరిగి ఉంటుంది. సెన్సరు తప్పు కాదది. పిక్క సెన్సరు నిలువుకు 45 డిగ్రీలకు మించి వాలి ఉంటే మోగవద్దని ప్రోగ్రాములో ఒక షరతు చేర్చండి. నేల మీద కూర్చుని తినే, చదివే ఇళ్లలో ఈ షరతు లేని పరికరాన్ని ఒక్క పూటలోనే విప్పి పక్కన పడేస్తారు.

పట్టీ విప్పి, మళ్లీ కట్టి, సున్నా పెట్టి, అదే కొలత ఐదుసార్లు తీయండి. ఐదింటి మధ్య తేడా 3 డిగ్రీలు దాటితే పటకాల మీద ఎంతవరకు లాగాలో పెన్నుతో గీత గీసుకోండి. చాలాసార్లు దీనితోనే సర్దుకుంటుంది.

10. అమ్మాలనుకుంటే, ఉతకాలనుకుంటే

స్నేహితులకు ఇచ్చినా, అమ్మినా అది వైద్య పరికరం కిందికి రావచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి, 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ వర్తిస్తాయి. నమూనా ప్రయోగశాల దాటే ముందు ఆ నిబంధనలు చదివి, కాలేజీ ఇంక్యుబేషన్ కేంద్రంలో ఉన్నవాళ్లతో మాట్లాడండి.

పట్టీని ఉతకాలంటే బ్యాటరీ పెట్టె, బోర్డు, సెన్సరు పటకాలు విడిగా ఊడివచ్చేలా మొదటి నుంచే వెల్క్రోతో అమర్చుకోండి. సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి, నీడన పూర్తిగా ఆరబెట్టండి. తిరిగి బిగించాక 7వ దశలోని 10, 20, 30 డిగ్రీల పరీక్ష మళ్లీ చేసి, పాత అంకెల పక్కన కొత్తవి రాసుకుని, అవి సరిపోలాకే కాలికి తొడగండి.